చలి సముద్రాల్లో ఓడ ఫైర్ లైన్‌ను కాపాడుకోవడం

ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం పాటు దేశమంతటా జరిగినట్టే హనుమకొండలోనూ వరంగల్‌లోనూ అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఈ వారోత్సవాలకు మూలం ఒక ఓడలో రేగిన మంట అన్న సంగతి మన వైపు చాలామందికి తెలియదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో, పత్తి బేళ్లతో పాటు పేలుడు పదార్థాలను కూడా మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో మంట పుట్టింది. దాన్ని ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో ఎందరో ఆ ఓడ పేలినప్పుడు ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిలోనే ఈ వారం జరుపుకుంటున్నాము. ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసే నాకు ఆ తేదీ మరింత దగ్గరగా తోస్తుంది కనుక, చాలాకాలంగా రాయాలనుకుంటున్న ఈ విషయాన్ని ఈ సెలవులో రాస్తున్నాను.

మర్చంట్ నేవీలో చేరాలనుకునే కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. చుట్టూ సముద్రమే ఉండగా ఓడలో మంటలార్పడానికి నీటి కొరత ఎందుకు వస్తుందని వారి సందేహం. చెరువు అలుగు పారుతున్నా తూము పూడిపోతే చివరి మడి ఎండిపోతుందని మన రైతులకు ఒకరు చెప్పనక్కర లేదు. ఓడలోనూ అంతే. సముద్రంలో ఉన్న నీరు వేరు, ఓడ ముందుకొసన ఉన్న హైడ్రెంట్ (మంటలార్పే గొట్టాన్ని, అంటే హోస్‌ను, తగిలించే కుళాయి) తిప్పగానే తగినంత ఒత్తిడితో వచ్చే నీరు వేరు. ఆ రెండింటి మధ్య సీ చెస్ట్ (సముద్రపు నీరు లోనికి వచ్చే పెట్టె), స్ట్రెయినర్ (చెత్తను ఆపే జల్లెడ), పంపు, ఫైర్ లైన్ అని పిలిచే వందల మీటర్ల పైపు, పదుల కొద్దీ వాల్వులు ఉన్నాయి. గడ్డకట్టే చలి వీటిలో దేనినైనా పట్టుకోగలదు.

రామగుండం థర్మల్ కేంద్రంలో ఫైర్ విభాగంలో పనిచేసే మా చిన్నాన్న కొడుకుతో ఒకసారి ఈ మాట వచ్చింది. అక్కడి హైడ్రెంట్ లైను ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటుంది. కాస్త నీరు కారి ఒత్తిడి తగ్గితే చిన్న జాకీ పంపు దానంతట అదే నడిచి మళ్లీ సరిచేస్తుంది. చలి దేశాలకు వెళ్లేటప్పుడు మేము డెక్ మీది ఫైర్ లైనును పూర్తిగా ఖాళీ చేస్తామని చెప్పగానే అతడు నమ్మలేదు. "లైన్ల నీళ్లే లేకుంటే అది ఫైర్ లైన్ ఎట్లయితది అన్నా?" అన్నాడు. అతని ప్రశ్న న్యాయమైనదే. ఖాళీగా ఉన్న లైను కూడా ఫైర్ లైనే కావాలంటే దాని వెనుక మనుషులు చేయవలసిన పని చాలా ఉంది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ పని గురించే.

ముందుగా ఏర్పాటు ఎలా ఉంటుందో క్లుప్తంగా చెబుతాను. సముద్రంలో ప్రాణరక్షణ కోసం ఉన్న అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం ప్రకారం 1000 గ్రాస్ టన్నులు (ఓడ లోపలి పరిమాణపు కొలత), ఆపైన ఉన్న సరుకు ఓడలో విడివిడిగా నడిచే ఫైర్ పంపులు కనీసం రెండు ఉండాలి. ఒకే చోట పుట్టిన మంట ఆ రెండింటినీ పనికిరాకుండా చేసే వీలుంటే, వాటికి దూరంగా మరో చోట ఎమర్జెన్సీ ఫైర్ పంపు ఉండాలి. 6000 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న సరుకు ఓడల్లో రెండు పంపులు కలిసి నీరందిస్తున్నప్పుడు ఏ హైడ్రెంట్ దగ్గరైనా ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 0.27 న్యూటన్లకు, అంటే సుమారు 2.7 బార్‌కు తగ్గకూడదు. ఇంజన్ రూము బయట ఒక ఐసోలేషన్ వాల్వ్ ఉంటుంది. ఇంజన్ రూమే తగలబడితే దాన్ని మూసివేసి, ఎమర్జెన్సీ పంపు ఇచ్చే నీరు ఆ మంటల్లో ఉన్న పైపుల గుండా వృథా కాకుండా డెక్‌కు మళ్లిస్తారు. పైపులు, హైడ్రెంట్లు గడ్డకట్టే అవకాశం లేని విధంగా అమర్చాలని, లైనులోని నీటిని దింపే ఏర్పాటు ఉండాలని కూడా అదే నిబంధన స్పష్టంగా చెబుతుంది.

మామూలు సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. బాల్టిక్ సముద్రపు ఉత్తర కొసన ఉన్న బోత్నియా సింధుశాఖలో ఉప్పు చాలా తక్కువ కనుక అక్కడి నీరు సున్నాకు కాస్త దిగువనే గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. డెక్ మీద చలిగాలి ఎడతెగకుండా తగిలే ఇనుప పైపులో కదలకుండా నిలిచిన నీరు తన వేడిని త్వరగా కోల్పోతుంది. ఆదిలాబాద్ చలిలో వణికిన మనకు కూడా ఆ గాలి ఎలా ఉంటుందో ఊహకు అందదు.

కనుక చలి ప్రాంతానికి చేరకముందే, డెక్ ఇంకా సున్నాకు పైన ఉండగానే, లైనును ఖాళీ చేయాలి. వినడానికి ఇది ఒక వాల్వ్ విప్పినంత సులువుగా ఉంటుంది. కానీ నేను చూసిన నష్టాల్లో అధిక భాగం ఖాళీ చేయకపోవడం వల్ల కాక, ఖాళీ అయిందని అనుకోవడం వల్ల జరిగినవి. డ్రెయిన్ వాల్వులను ఓడ సమంగా నిలిచినప్పుడు అత్యంత పల్లంగా ఉండే చోట్ల అమర్చుతారు. ఖాళీ హోల్డులతో వెళ్లే ఓడ వెనుక భాగం దిగి, ముందు భాగం పైకి లేచి ఉంటుంది. అప్పుడు పల్లం మరో చోటికి మారుతుంది. ముందు వైపు డ్రెయిన్ నుంచి చుక్క రాలేదని సంతోషించే లోపు, వెనుక వైపు రెండు సపోర్టుల మధ్య కొద్దిగా కుంగిన పైపులో నీరు నిలిచే ఉంటుంది. ఓడ ఒక పక్కకు ఒరిగి ఉన్నా ఇదే కథ. అందువల్ల డ్రెయిన్లు విప్పిన తరువాత లైను ఒక కొసన హైడ్రెంటుకు అడాప్టర్ బిగించి, ఒత్తిడి తగ్గించిన సర్వీస్ గాలిని (ఓడలో పనులకు వాడే కంప్రెసర్ గాలిని) పంపుతూ, దగ్గరి హైడ్రెంట్ నుంచి దూరపు హైడ్రెంట్ వరకు ఒక్కొక్కటే తెరచి, పొడి గాలి వచ్చేదాకా ఆగి మూస్తూ వెళ్లాలి. కొన్ని గంటల తరువాత అదే పని మళ్లీ చేయాలి. పైపు గోడలకు అంటుకున్న నీరు నెమ్మదిగా జారి పల్లంలో చేరుతుంది కనుక, రెండో మారు ఊదినప్పుడు వచ్చే నీరు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

వాల్వుల లోపలి నిర్మాణం తెలిసినవాడే ఈ పని సరిగా చేయగలడు. బాల్ వాల్వ్‌ను పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా దాని గుండుకూ బాడీకీ మధ్య ఉన్న ఖాళీలో కొంత నీరు చిక్కుకుని ఉంటుంది. అందుకే ఖాళీ చేసిన తరువాత దాన్ని సగం తెరచి ఉంచుతారు. గ్లోబ్ రకం హైడ్రెంట్ వాల్వ్‌లో సీటుకు (వాల్వ్ మూసుకునే అంచుకు) పైభాగాన నీరు నిలుస్తుంది. ఇక అసలు ప్రవాహం లేని కొమ్మ పైపులు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. లంగరు గొలుసును కడగడానికి హాస్ పైపు (గొలుసు ఓడలోంచి బయటకు దిగే గొట్టం) దగ్గరికి వెళ్లే కొమ్మను చాలా ఓడల్లో మరచిపోతారు. అది ఓడ ముందుకొసన, గాలికి అడ్డంగా ఉంటుంది. అక్కడ పైపు పగిలితే మొత్తం డెక్ లైను ఒత్తిడి కోల్పోతుంది. మంటలార్పడానికి కాక ఇతర పనులకు వాడే ఇలాంటి కొమ్మలన్నిటికీ ఐసోలేషన్ వాల్వులు ఉండాలని సోలాస్ చెప్పడంలోని ఉద్దేశం ఇదే. ఆ వాల్వులు నిజంగా మూసుకుంటాయో లేదో వెచ్చని సముద్రాల్లో ఉన్నప్పుడే పరీక్షించుకోవాలి.

లైనులో ఎక్కడో ఒక చోట మంచు బిరడా పడిందనుకుందాం. ఇంజన్ రూములో ఫైర్ పంపు నడిపితే గేజి మీద ఒత్తిడి చక్కగా కనిపిస్తుంది. నీరు ముందుకు కదలనప్పుడు పంపు తన పూర్తి ఒత్తిడిని చూపించడం సహజమే. అలా గేజిని మాత్రమే చూసి పరీక్ష పూర్తయిందని లాగ్ బుక్‌లో రాస్తే అది అబద్ధం కాకపోయినా నిజం కూడా కాదు. చలిలో ఫైర్ పంపు పరీక్షకు ఒక్కటే అర్థం ఉంది: పంపుకు అత్యంత దూరాన, అత్యంత ఎత్తున ఉన్న హైడ్రెంట్ దగ్గర నాజిల్ గుండా నీరు రావాలి, ఆ ఒత్తిడిని అక్కడే కొలవాలి. ఆ పరీక్ష ముగిసిన వెంటనే లైనును మళ్లీ మొదటి నుంచి ఖాళీ చేయాలి. ఇది శ్రమతో కూడిన పని. డెక్ మీద గడ్డకట్టించే గాలిలో దీన్ని చేసే బోసన్‌కూ (డెక్ సిబ్బంది పెద్దకూ), ఫిట్టర్‌కూ ఇంజన్ రూము వెచ్చదనంలో ఉండే మేము రుణపడి ఉంటాము.

పగిలిన పైపు చలిలో కారదు. ఈ సంగతి తెలియక చాలామంది మోసపోతారు. పగులులో ఉన్న మంచే దానికి మూత అవుతుంది. నేను పనిచేసిన ఒక ఓడ బాల్టిక్ నుంచి దక్షిణానికి దిగి బిస్కే అఖాతం దాటిన తరువాత డెక్ కడగడానికి లైను నింపినప్పుడు, అన్ని రోజులుగా పొడిగా కనిపించిన ఒక హైడ్రెంట్ బాడీ నిలువునా చీలి ఉన్నట్టు బయటపడింది. మధ్యలో ఎప్పుడైనా మంట పుట్టి ఉంటే ఆ చీలిక అప్పుడే తెలిసేది. మంచును కరిగించేటప్పుడు కూడా తొందర పనికిరాదు. వేడి నీటితోనో, తక్కువ ఆవిరితోనో, తెరచిన కొస నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా లోపలికి సాగాలి. రెండు మంచు బిరడాల మధ్య పైపును వేడి చేస్తే లోపల ఒత్తిడి పెరిగి పైపే చీలుతుంది. గ్యాస్ మంటతో వేడి చేయడం ఏ ఓడలోనైనా తప్పే. ట్యాంకర్‌లో అయితే అది ఊహించడానికి కూడా వీల్లేని పని.

ఇప్పుడు మా తమ్ముని ప్రశ్నకు వస్తాను. ఖాళీ లైనును నిమిషాల్లో నీటి లైనుగా మార్చాలంటే, తెరచి ఉంచిన ప్రతి డ్రెయిన్ ఎక్కడుందో మంట పుట్టిన క్షణంలో తెలిసి ఉండాలి. ఒక్క డ్రెయిన్ మూయకపోయినా నాజిల్ దగ్గరకు చేరవలసిన ఒత్తిడి అక్కడే కారిపోతుంది. మేము తెరచిన ప్రతి డ్రెయిన్‌కు ఒక ట్యాగు కడతాము. ఆ ట్యాగుల నంబర్లతో ఒక పట్టిక బ్రిడ్జ్ (ఓడను నడిపే గది) మీద, ఇంజన్ కంట్రోల్ రూములో, ఫైర్ కంట్రోల్ స్టేషన్‌లో ఉంటుంది. లైను ఖాళీగా ఉందన్న మాట, నింపే క్రమం, ఏ డ్రెయిన్‌ను ఎవరు మూయాలి, ఐసోలేషన్ వాల్వ్‌ను ఎవరు తెరవాలి అన్నవి ఓడలో అందరికీ అర్థమయ్యే భాషలో రాసి ఉండాలి. ఒకే ఓడలో నాలుగైదు దేశాల వారు పనిచేస్తారు కనుక నోటిమాటను నమ్ముకోకూడదు. డ్యూటీ మారిన ప్రతిసారీ ఈ పట్టికను అప్పగించడం కూడా నా దృష్టిలో పంపుకు గ్రీజు వేయడంతో సమానమైన మెయింటెనెన్స్ పనే.

నింపే పద్ధతి మీద కూడా శిక్షణ ఇవ్వాలి. భయంతో వాల్వ్‌ను ఒక్కసారిగా పూర్తిగా తెరిస్తే, ఖాళీ పైపులో వేగంగా పరుగెత్తిన నీరు వంపుల దగ్గర సుత్తిదెబ్బలా తగిలి కప్లింగులను విడదీస్తుంది. చివరి హైడ్రెంట్ తెరచి, గాలి బయటకు పోయేదాకా వాల్వ్‌ను కొద్దిగా మాత్రమే విప్పి, నీరు కనిపించాక పూర్తిగా తెరవాలి. డ్రిల్లులో ఈ క్రమాన్ని నిజంగా నీటితో చేసి చూడాలి. కేవలం వాల్వుల పేర్లు చదివి ముగించే డ్రిల్లు చలికాలంలో ఎవరినీ కాపాడదు.

ఎమర్జెన్సీ ఫైర్ పంపు చాలా ఓడల్లో ముందు భాగాన బో థ్రస్టర్ (ఓడ ముందు భాగాన్ని పక్కకు నెట్టే యంత్రం) గదిలోనో, వెనుక స్టీరింగ్ గేర్ (చుక్కానిని తిప్పే యంత్రం) గదిలోనో ఉంటుంది. ఇంజన్ రూము వేడి అక్కడికి చేరదు. చుట్టూ ఉన్న ఇనుప గోడకు అవతల గడ్డకట్టే సముద్రమే ఉంటుంది. డీజిల్‌తో నడిచే పంపు అయితే, సున్నా డిగ్రీల వరకు చల్లబడిన స్థితిలో కూడా చేతితో తిప్పి సులువుగా స్టార్ట్ చేయగలగాలని, అంతకన్నా చలి తగిలే వీలుంటే వేడి చేసే ఏర్పాటు ఉండాలని ఫైర్ సేఫ్టీ సిస్టమ్స్ కోడ్ చెబుతుంది. బయలుదేరే ముందు ఆ హీటర్ పనిచేస్తోందా, ఇంజను కూలింగ్ నీటిలో యాంటీఫ్రీజ్ తగినంత ఉందా, బ్యాటరీలు బలంగా ఉన్నాయా అని చూసుకోవాలి. చలిలో బ్యాటరీ శక్తి పడిపోతుంది. డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్లను మూసేస్తుంది. ఉష్ణ దేశంలో నింపుకున్న డీజిల్‌తో ట్యాంకును అలాగే ఉంచి ఉత్తరానికి వెళ్లడం తెలిసి తెలిసి ప్రమాదాన్ని పిలవడమే. ఇంధనం పూర్తి లోడు మీద కనీసం 3 గంటలకు సరిపోవాలన్న నిబంధన కాగితం మీద నెరవేరినా, ట్యాంకులో ఉన్నది ఫిల్టరు గుండా పారకపోతే ఆ మూడు గంటలకు అర్థం లేదు.

సముద్రం నుంచి నీరు లోనికి వచ్చే సీ చెస్ట్ దగ్గర కూడా చలి తన పని చేస్తుంది. రేవు దగ్గరి నీటిలో తేలే మెత్తని మంచు ముద్ద గ్రేటింగ్ గుండా దూరి స్ట్రెయినర్‌ను నింపేస్తుంది. మంచులో ఉన్నప్పుడు పై సక్షన్ (నీరు పీల్చే ద్వారం) మూసి కింది సక్షన్ వాడటం, ఇంజన్‌ను చల్లబరచి వెచ్చబడిన నీటిలో కొంత భాగాన్ని మళ్లీ సీ చెస్ట్‌కు మళ్లించడం, గాలితోనో ఆవిరితోనో గ్రేటింగును ఊదడం మా రోజువారీ పనులవుతాయి. 2017 జనవరి 1న అమల్లోకి వచ్చిన పోలార్ కోడ్, ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడల ఫైర్ పంపులు గడ్డకట్టని గదుల్లో ఉండాలని, వాటి సక్షన్ మంచును తొలగించుకోగలిగేదై ఉండాలని, బయట ఉన్న ఫైర్ లైను భాగాలను వేరు చేసి ఖాళీ చేసే వీలుండాలని కోరుతుంది. హోస్‌లను, నాజిళ్లను ఎప్పుడూ హైడ్రెంటుకు తగిలించి ఉంచనక్కర లేదని కూడా అందులో ఉంది. తడి హోస్ పెట్టెలో గడ్డకడితే దాన్ని విప్పబోయినప్పుడు మడతల దగ్గర లోపలి పొర పగులుతుంది కనుక, డ్రిల్లు తరువాత హోస్‌లను లోనికి తెచ్చి ఆరబెట్టి, హైడ్రెంటుకు దగ్గరలో, వెచ్చని చోట ఉంచడమే మంచిది.

ఫైర్ లైనును దెబ్బతీయడానికి చలి లేకపోయినా తుఫాను ఒక్కటే చాలు. ఉత్తర అట్లాంటిక్ చలికాలంలో డెక్ మీదికి ఎక్కిపడే అల టన్నుల బరువుతో పైపు మీద పడుతుంది. ఓడ పొడవునా వంగుతూ లేస్తూ ఉంటే, దానితోపాటు సాగడానికి పైపు మధ్యలో పెట్టిన స్లీవ్ కప్లింగుల రబ్బరు రింగులు అరిగిపోతాయి. యూ క్లాంపు వదులైన చోట పైపు రుద్దుకుని, ఆ క్లాంపు కిందే కంటికి కనిపించని తుప్పు పట్టి పలచనవుతుంది. తనిఖీ అంటే పైన రంగు చూసి వెళ్లిపోవడం కాదు. క్లాంపు విప్పి, కింద గీకి, సుత్తితో తట్టి చూడాలి. కారే చోట రబ్బరు ముక్క చుట్టి క్లాంపు బిగించి రంగు వేసే అలవాటును నేను ఎంతమాత్రం సమర్థించను. పోర్టుల్లో తనిఖీ అధికారులు దాన్ని పట్టుకుంటారన్నది ఒక కారణమే. అంతకన్నా, పంపు పూర్తి ఒత్తిడి మీద నడిచే రోజున ఆ ముక్క నిలవదు.

ఇంత చలిలో నిజంగా మంట పుడితే నాజిల్‌ను పూర్తిగా మూయకూడదు. కొద్దిగానైనా నీరు పారుతూ ఉండాలి, లేదంటే హోస్‌లోని నీరు త్వరలోనే గడ్డకడుతుంది. పోసిన నీరు డెక్ మీద మంచుగా మారి బరువు పెంచుతుంది. లోపలి అంతస్తుల్లో నిలిచిన నీరు ఓడ స్థిరత్వాన్ని దెబ్బతీస్తుంది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో మంటలంటుకున్న నార్మాండీ అనే మహానౌక, ఆర్పడానికి పోసిన నీటి బరువుకే ఒరిగి మరునాడు తిరగబడింది. కనుక స్కప్పర్లు (డెక్ మీది నీరు బయటకు పోయే రంధ్రాలు) మంచుతో మూసుకోకుండా చూడటం కూడా ఫైర్ లైను పనిలో భాగమేనని నా అభిప్రాయం.

వెచ్చని నీళ్లలోకి తిరిగి వచ్చాక పని ముగిసినట్టు భావించకూడదు. ఖాళీ చేసిన లైను గడ్డకట్టదు గాని, లోపల మిగిలిన ఉప్పు తేమకు గాలి తోడై, నిండుగా ఉన్న పైపు కన్నా వేగంగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు పెచ్చులు మొదటిసారి నీరు వదిలినప్పుడు కొట్టుకొచ్చి నాజిల్‌లో ఇరుక్కుంటాయి. అందుకే నాజిళ్లు బిగించకుండా హైడ్రెంట్లన్నిటినీ ఒక్కొక్కటిగా తెరచి నీరు తేరేదాకా పారించాలి. ఆపైన వీలుంటే మంచినీటితో కడగాలి. చలిలోకి వెళ్లేముందు మంచినీటితో కడిగితే మాత్రం ఖాళీ చేయడంలో రెట్టింపు జాగ్రత్త కావాలి, మంచినీరు సముద్రపు నీటి కన్నా ముందే గడ్డకడుతుంది. హైడ్రెంట్ కప్లింగుల రబ్బరు గాస్కెట్లు చలికి గట్టిపడి ఉంటాయి కనుక వాటిని మార్చాలి. స్పిండిళ్లకు గ్రీజు పెట్టాలి. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ సర్క్యులర్ ప్రకారం ఫైర్ పంపులను నెలకోసారి నడిపి చూడాలి, ఏడాదికోసారి హైడ్రెంట్ వాల్వులన్నిటినీ పరీక్షించాలి, ప్రతి హోస్ ఐదేళ్లలో ఒకసారైనా లైను గరిష్ఠ ఒత్తిడి మీద పరీక్షకు నిలిచేలా ఏటా కొన్నిటిని ఎంచుకోవాలి. చలి ప్రయాణం ముగించిన ఓడలో నేనైతే ఆ ఏడాది వంతు కోసం ఎదురుచూడకుండా, డెక్ మీద వాడిన హోస్‌లన్నిటినీ ముందుగా పరీక్షిస్తాను.

ఆ పరీక్షలతోపాటు మరో కాగితం తయారుచేయాలి. రెండోసారి గాలి ఊదినప్పుడు కూడా ఎక్కడెక్కడ నీరు మిగిలిందో, ఏ డ్రెయిన్ ఓడ వెనుకకు దిగి ఉన్నప్పుడు పనిచేయలేదో, ఏ కొమ్మకు డ్రెయినే లేదో పైపు లైను డ్రాయింగ్ మీద గుర్తు పెట్టి, దాన్ని తరువాతి డ్రైడాక్ (ఓడను నీటి నుంచి తీసి మరమ్మతు చేసే చోటు) పనుల జాబితాకు జతచేయాలి. అక్కడ కొత్త డ్రెయిన్ కాక్ ఒకటి అమర్చడానికి పట్టే ఖర్చు చాలా తక్కువ. ఆ డ్రాయింగ్ నకలు ఒకటి చీఫ్ ఇంజనీర్ అప్పగింత పత్రాల్లో ఉంటే, మరో చలికాలంలో ఆ ఓడ ఎక్కే కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనవసరం లేదు.